చేతి కింద చెయ్యి

ఆ ఆదివారం చేతులమ్మ మందిరంలోకి అడుగుపెట్టేసరికి, తను నిలబడే చోట తన కూతురు నిలబడి ఉంది.

వేదికకి ఎడమపక్క, దీపం వెలుగు నేరుగా చేతుల మీద పడే చోటు అది. ముందు రెండు వరసల్లో కూర్చునే వినబడనివాళ్లకి పాస్టరు గారి మాటలు సైగల్లో చెప్పడం చేతులమ్మ పని. ఎన్నో ఏళ్లుగా అదే పని చేస్తోంది కాబట్టే సంఘమంతా ఆమె అసలు పేరు మరిచిపోయి చేతులమ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

సరదాకి నిలబడిందేమో అనుకుని ఆమె నవ్వింది. ‘ఇక జరుగు’ అని దూరం నుంచే చెయ్యి ఊపింది. కూతురు చూసింది, చూసి చూపు పక్కకి తిప్పేసుకుంది.

“ఇవాళ్టి నుంచి సైగల పరిచర్య మన చెల్లెమ్మ చూసుకుంటుంది” అన్నారు పాస్టరు గారు. “ఇంతకాలం సేవ చేసిన వాళ్లమ్మగారికి మనందరి తరపునా వందనాలు.”

చప్పట్లు మోగాయి. ముందు వరసల్లో చేతులన్నీ గాల్లోకి లేచి రెపరెపలాడాయి. వినబడనివాళ్ల చప్పట్లు అలాగే ఉంటాయి. భుజానికి సంచీతో, నడిమి దారిలో నిలబడిపోయిన చేతులమ్మకి ముందుకి వెళ్లాలో వెనక్కి వెళ్లాలో తెలియలేదు. అప్పుడు చూసింది, కూతురి ఒంటి మీది నల్ల చొక్కాని. సైగలు చెప్పేవాళ్లు ముదురురంగు బట్టలే వేసుకోవాలి, లేకపోతే చేతులు బట్టల్లో కలిసిపోతాయి. నిన్న సాయంత్రం ఆ చొక్కాకి ఇస్త్రీ చేసింది తనే. “రేపు మా ఆసుపత్రిలో ఏదో చిన్న కార్యక్రమం ఉందమ్మా” అంటే, కాలరు మీద రెండుసార్లు నీళ్లు చిలకరించి మరీ ముడత తీసింది.

వెళ్లి ఆఖరి బల్ల మీద కూర్చుంది. పాట మొదలైంది. అలవాటు కొద్దీ ఒళ్లో ఆమె వేళ్లు కదలబోయాయి. ఒక చేత్తో రెండో చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆరాధన అయ్యాక పాస్టరు గారే వెతుక్కుంటూ వచ్చారు. మంచిమనిషి, మొహమాటస్థుడు. మాట్లాడుతున్నంతసేపూ చేతిగడియారం తిప్పుకుంటూనే ఉన్నారు.

“మీ ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదమ్మా.”

“నా ఆరోగ్యానికేమైందండీ?”

“అంటే... ముందు వరసల నుంచే మాట వచ్చింది. కొంతకాలంగా మీరు చెప్పేది సరిగ్గా అందట్లేదట. సగం మాటల్లో చేతులు మాయమైపోతున్నాయట. నాకు తెలిసిన భాష కాదు, నేనేం అనగలను చెప్పండి?”

“ఎవరన్నారు?”

“అది అడక్కండమ్మా.”

“ఆ మాటేదో ముందే నాతో అనుంటే సరిపోయేది కదండీ. నలుగురి ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించాలా?”

ఆయన గడియారం వైపు చూశారు.

*

ఇంట్లో భర్త వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. బస్సు డ్రైవరు, ఆదివారం ఒక్కపూటే సెలవు. భార్య చెప్పింది విని, తనకి తోచిన ఓదార్పు తను చెప్పాడు.

“పోనీలే. ఇకనుంచి నా పక్కన కూర్చోవచ్చు. నేను కునుకు తీస్తే పొడవడానికి ఒక మనిషుంటుంది.”

ఆమె చూసిన చూపుకి మళ్లీ ఉల్లిపాయల్లోకి తల దించాడు.

కూతురు వచ్చాక తలుపు మూసేదాకా కూడా ఆగలేదు చేతులమ్మ.

“నా చేత్తోనే ఇస్త్రీ చేయించుకున్నావు కదే!”

“అమ్మా, నేను చెబుదామనే అనుకున్నాను.”

“ఎప్పుడు? చప్పట్లయ్యాకా?”

“నోరు రాలేదమ్మా. వారమంతా నీ మొహం చూడటం, గొంతుదాకా వచ్చి ఆగిపోవడం. ఆయన పాస్టరు గారితో మాట్లాడటానికొచ్చినప్పుడు మధ్యలో నేనున్నాను. ఆయన చెప్పింది నా నోటితోనే పాస్టరు గారికి చెప్పాల్సొచ్చింది. ఎలా ఉంటుందో ఆలోచించు.”

“ఆయనా? ఎవరాయన?”

“చెప్పను. మధ్యలో నిలబడ్డవాళ్లకి సొంత నోరుండకూడదని నాకు నేర్పిందెవరు? విన్నది విన్నట్టు దాటించి అక్కడే మరిచిపోవాలని చెప్పిందెవరు? నువ్వే కదా!”

కూతురికి కోపమొస్తే నోటితో పాటు చేతులూ మాట్లాడతాయి. తల్లి పెంపకం అది. “నీ చేతులు మాయమవుతున్నాయంటే నాకేమైనా సంతోషమా?” అంటూ ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద నుంచి దేన్నో ఉఫ్‌మని ఊదేసినట్టు సైగ చేసింది.

చేతులమ్మ ఆ అరచేతి వైపే చూస్తూ ఉండిపోయింది. మాయమవడానికి అందరూ చేసే సైగ అది కాదు. అరచేతిలోంచి చెక్కపొట్టు ఊదినట్టు ఆ మాట చెప్పే మనిషి ముందు వరసల్లో ఒక్కడే ఉన్నాడు.

“వడ్రంగి అన్నయ్యా?”

కూతురు చేతులు టక్కున కిందికి దిగిపోయాయి. ఇక వేరే జవాబు అక్కర్లేదు.

వడ్రంగి ఆమెకి తోబుట్టువు కాడు. చనిపోయిన ఆమె అన్నకి ప్రాణస్నేహితుడు, అన్నలాగే పుట్టు చెవుడు. అన్న పోయాక ఆ లోటు తెలియనివ్వకుండా తిరిగిన మనిషి. ఇంట్లో వాళ్లు కూర్చున్న కుర్చీలు ఆయన చేసినవే. చేతులమ్మ కూర్చోబోయి, కుర్చీని చూసి, మళ్లీ నిలబడింది.

“పరాయివాడు అనుంటే పడేదాన్ని” అంది.

*

చేతులమ్మ పనిచేసే లాండ్రీలో ఆమె బల్ల ఆవిరి గొట్టాల పక్కనే ఉంటుంది. చొక్కాకి ముందు కాలరు, తర్వాత భుజం పట్టీ, ఆపైన చేతులు, అన్నిటికన్నా ఆఖర్న వీపు. ఈ వరస తప్పితే ఒకచోట తీసిన ముడత ఇంకోచోట తేలుతుంది. ఆ వారం ఆమె బల్ల మీద ప్రతి చొక్కాకీ ఎక్కడో ఒక ముడత మిగిలిపోయింది. పక్క బల్లామె చూసి, తన ఇస్త్రీపెట్టె మరోసారి తిప్పి ఇచ్చేది.

భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లాక, బట్టలు కొలతచూసే నిలువుటద్దం ముందు నిలబడి చేతులమ్మ చేతులాడించి చూసుకుంది. పాత ప్రార్థన ఒకటి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వేళ్ల కణుపులు కాస్త లావెక్కాయి, నిజమే. కానీ మాట మాటా తేటగానే ఉంది. ఏదీ మాయమవ్వలేదు. అద్దంలో మనిషిని నమ్మాలో, అన్నయ్య మాట నమ్మాలో తెలియలేదు.

‘నన్ను పిలిచింది నువ్వే కదా’ అంది దేవుడితో, ఆవిరి చప్పుడు మధ్య పెదాలు మాత్రం కదిలిస్తూ. ‘నేనేమైనా అడిగానా? ఇంట్లో అన్న కోసం నేర్చుకున్న సైగల్ని నీ పనికి వాడుకున్నావు. ఇప్పుడు పిలిచి పీట వేసి, ముద్ద నోటి దాకా వచ్చాక కంచం లాగేస్తావా?’

పక్క గదిలో బట్టలు తిప్పే యంత్రం గిర్రున తిరిగి ఆగింది.

బుధవారం సాయంత్రం ప్రార్థన కూటానికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. పని దిగి నేరుగా వడ్రంగి పనిశాలకి దారి తీసింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. ఏం అడగాలో దారి పొడవునా అల్లుకుంటూ, మధ్యమధ్య చేతులాడిస్తూ నడుస్తుంటే దారిన పోయేవాళ్లు తిరిగి తిరిగి చూశారు.

పనిశాల గుమ్మం దగ్గర మీట నొక్కితే లోపల ఎర్రబల్బు వెలుగుతుంది, ఆయనకి గంట అదే. నొక్కింది. బల్బు వెలిగి ఆరింది. బల్ల మీద వంగి చిత్రిక పడుతున్న మనిషి తలెత్తలేదు. మళ్లీ నొక్కింది. బల్బు ఆయనకి కుడిచేతి వైపు, మూరెడు దూరంలోనే ఉంది. ఆయన తల తిప్పలేదు.

‘చూసి కూడా చూడనట్టు నటిస్తున్నాడు’ అనుకుంది. ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి ఆయన పక్కనే నిలబడింది. చిత్రిక ముందుకీ వెనక్కీ సాగుతోంది, పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి రాలుతోంది. ఆయన హఠాత్తుగా పక్కకి తిరిగి ఆమెని ఢీకొట్టాడు. బల్ల అంచున ఉన్న బంకడబ్బా కింద పడింది.

ఆమెని గుర్తుపట్టి పెద్దగా నవ్వాడు. అవసరానికి మించిన నవ్వు.

“ఎందుకు చెప్పావు?” ఆమె చేతులు విరుచుకుపడ్డాయి. “నాతో ఎందుకనలేదు? నా కూతురి నోటితో నా మీద చాడీ చెప్పించడానికి నీకు మనసెలా ఒప్పింది? మా అన్న ఉంటే అలా చేసేవాడివా?”

ఆయన ఆమె చేతుల వెంట చూస్తున్నాడు. కాదు, వెతుకుతున్నాడు. ఆమె కుడిచెయ్యి కదిలితే తల అటు తిప్పుతున్నాడు, ఎడమచెయ్యి కదిలితే ఇటు తిప్పుతున్నాడు. గదిలో దూరిన ఈగని కనిపెట్టబోయేవాడిలా. ఎప్పుడూ ఒక సైగ వెనకబడే ఉంటున్నాడు.

ఆమె ఆగిపోయింది. ఒక చెయ్యి ఆయన మొహం ముందు పెట్టి, నెమ్మదిగా పక్కకి జరిపింది. ఆయన భుజం దాకా కూడా రాకముందే ఆ కళ్లు చేతిని వదిలేశాయి. చెయ్యి అక్కడే ఉంది. ఆయన చూపు ఖాళీ గాలి మీద ఉంది.

అప్పుడు చూసింది మిగతావన్నీ. ఆయన బొటనవేలికి చుట్టిన గుడ్డ. రంపం పక్కన గీత తప్పి వంకరపోయిన చెక్కలు, ఎవరి కంటా పడకుండా గోడవైపు తిప్పి పెట్టినవి.

“దీపం చాలట్లేదు” అన్నాడు ఆయన వేళ్లతో. తెరిచిన తలుపులోంచి పొద్దు ఇంకా గది నిండా పడుతూనే ఉంది.

“ఎప్పటి నుంచి?”

ఆయన బల్లకి ఆనుకుని కూలబడి, పిడికిలి గొట్టంలా చేసి కంటికి పెట్టుకున్నాడు. “ఇలా ఉంటుంది. గొట్టంలోంచి చూసినట్టు. గొట్టం సన్నబడుతూ వస్తోంది. డాక్టరు ఆగదన్నాడు. నీ చేతులు అందులోంచి బయటికి పోతున్నాయి.”

“నా చేతులు బయటికి పోవడం కాదు.”

“తెలుసు.” ఆయన ఆమె వంక చూడలేదు. “నీ చేతులు పాడయ్యాయంటే నా కళ్లు బాగున్నట్టే కదా. ఎవరిదో ఒకరిది తప్పవ్వాలి. మా అబ్బాయికి తెలిస్తే రేపటి నుంచి నన్ను రంపం ముట్టనివ్వడు. రంపం ముట్టకపోతే ఇక నేనేంటి? చెప్పకు. ఎవరికీ చెప్పకు.”

ఆమె మాట ఇవ్వలేదు. కిందపడ్డ బంకడబ్బా తీసి బల్ల మీద, ఆయన ఎదురుగా పెట్టి వచ్చేసింది.

*

ఇప్పుడు ఆమె చేతిలో ఒక్క వాక్యం ఉంది. నా చేతులకేమీ కాలేదండీ, ఆయనకే కళ్లు పోతున్నాయి. అంతే. ఆ ఒక్క వాక్యంతో చోటు తిరిగొస్తుంది, పోయిన పరువూ తిరిగొస్తుంది. రెండు రోజులు ఆ వాక్యాన్ని బుగ్గన పెట్టుకుని తిరిగింది. తియ్యగానే ఉంది.

శుక్రవారం పాస్టరు గారు ఉతికిన కోటు కోసం లాండ్రీకి వచ్చారు. కోటు తీసుకున్నాక కూడా కదల్లేదు.

“నిన్న మీ అమ్మాయి నా దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుందమ్మా. నేను చెయ్యలేను, మా అమ్మనే నిలబెట్టండి అంది. నాకూ తొందరపడ్డామేమో అనిపిస్తోంది. వచ్చింది ఒక్క మనిషి, పొరపాటు పడ్డాడేమో. మీకేమైనా తెలిస్తే చెప్పండి. ఈ ఆదివారం నుంచే మీ చోటు మీకు.”

చేతులమ్మ ఇస్త్రీపెట్టెని పలక మీద నిలబెట్టింది. వాక్యం నాలుక చివరికొచ్చి కూర్చుంది. నోరు తెరవడమే తరువాయి.

‘రంపం ముట్టకపోతే ఇక నేనేంటి?’

ఎందుకో వడ్రంగి వేళ్లు కళ్లముందు కదిలాయి. ఈ వారమంతా తను దేవుణ్ని దెప్పింది కూడా అదే మాటతో కాదూ? ఆ చోటు లేకపోతే ఇక నేనేంటి? ఆయన రంపం పట్టుకుని వేలాడుతున్నాడు, తను దీపం కింది ఆ అడుగు నేల పట్టుకుని వేలాడుతోంది. ఆయన మీది కోపం అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఆ కోపం పక్కనే లోపల ఏదో గడియ జారినట్టయింది. ఎవరో తట్టినట్టు కూడా కాదు. తట్టి తట్టి ఊరుకుని, గుమ్మంలోనే కూర్చున్న మనిషి ఉన్నాడని ఇప్పుడే తెలిసినట్టు.

“మా అమ్మాయి బాగానే చేస్తోందండీ. దాన్నే ఉండనివ్వండి.”

“మరి మీరు?”

“నాకు వేరే పనుంది.”

ఆ మాట అన్నాక ఆమే ఉలిక్కిపడింది. ఏం పనో అనేముందు ఆమెకీ తెలియదు.

సాయంత్రం పనిశాలకి వెళ్లేసరికి పొద్దు వాలిపోయింది. గదిలో వెలుతురు పలచబడి ఉంది. ఆయన బల్ల అంచు తడుముకుంటూ పనిముట్లు సర్దుతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్లి, సైగ చెయ్యకుండా, ఆయన రెండు చేతులూ తీసుకుని తన చేతుల మీద పెట్టుకుంది. ఆయన అదిరిపడ్డాడు. ఆమె నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా చెప్పింది. ఆయన చేతులు ఆమె చేతుల మీద సవారీ చేస్తూ ఒక్కో ఆకారాన్నీ పోల్చుకున్నాయి.

“నేను ఎవరికీ చెప్పను.”

ఆయన వేళ్లు సడలాయి.

“నువ్వు చెప్పు. అబ్బాయికి. రంపం నీ వేళ్లు తీసుకుపోకముందే. కళ్లు పోతే చేతులుంటాయి. చేతులు కూడా పోతే నీతో మాట్లాడేదెలా?”

ఆయన చేతులు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. మొహం మాడిపోయింది. తలుపు వైపు చూపించాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆమె కదలకపోతే భుజం పట్టుకుని గుమ్మం దాటించి, ఆమె మొహం మీదే తలుపు వేశాడు.

వీధిలో నిలబడి చేతులమ్మ నవ్వబోయింది. ఏడుపొచ్చింది. చేతికొచ్చిన చోటు వదులుకుంది ఈ మనిషి కోసమా! ‘చూశావా?’ అంది పైకి చూస్తూ. ‘నీ మాట విన్నందుకు ఇదీ.’ ఇల్లు చేరేదాకా ఇంకో మాట మాట్లాడలేదు, దేవుడితో కూడా.

*

ఆదివారం ఆఖరి బల్ల చివర కూర్చుంది. వేదిక పక్కన కూతురు చేతులు జోడించుకుని నిలబడి ఉంది, తల్లి ఎక్కడుందా అని వెతుకుతూ. చూపులు కలిశాయి. చేతులమ్మ నవ్వలేదు. తల మాత్రం చిన్నగా ఊపింది. కూతురు ఊపిరి వదలడం అంత దూరానికీ కనిపించింది.

మొదటి పాట సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది. వడ్రంగి వచ్చాడు, కొడుకు మోచెయ్యి పట్టుకుని. కొడుకు కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నిద్రలేనివాడిలా. ముందు వరసల వైపు నడిపించబోతే తండ్రి నిలబడిపోయి, చేత్తో బల్లలు తడుముకుంటూ ఆఖరి బల్ల దాకా వచ్చి, చేతులమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె వైపు తిరగలేదు. చేతులు రెండూ పిడికిళ్లు చేసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

ఆమెకీ తిరగాలనిపించలేదు. గుమ్మం దాటించిన చెయ్యి తాలూకు నొప్పి భుజం మీద ఇంకా ఉంది. ఒళ్లో అరచేతులు వెల్లకిలా పెట్టుకుని ఊరుకుంది.

పాస్టరు గారు మాట్లాడటం మొదలుపెట్టారు. కూతురు చేతులు లేచాయి. చాలాసేపటికి ఒక పిడికిలి విడింది. మొద్దుబారిన వేళ్లు బల్ల మీద జరుగుతూ, వెతుకుతూ వచ్చి ఆమె చేతి మీద వాలాయి. తర్వాత రెండోది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ మాటలు చెవిలోంచి చేతుల్లోకి పరిగెత్తిపోయేవి, దారిలో ఆగేవి కావు. ఇప్పుడు బరువైన రెండు చేతులు పైన ఉంటే ఏ మాటా పరిగెత్తడం లేదు. ‘కృప’ అన్నారు పాస్టరు గారు. అది ఎన్ని వందలసార్లు చెప్పిందో లెక్కలేని మాట: ఒక అరచెయ్యి ఖాళీగా చాపి ఉంచాలి, రెండో చెయ్యి అందులో ఏదో పెట్టి పోవాలి. ఎప్పుడూ చటుక్కున చేసేసేది. ఈసారి అరచెయ్యి చాపి, ఆయన అది ఖాళీ అని పోల్చుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ఏమీ లేకుండా, ఏమీ పట్టుకోకుండా, అలా చెయ్యి చాపి ఉంచడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడే తెలిసింది. చేతులు ఆగిపోయాయి.

ఆయన ఆమె చేతిని ఎత్తి తన వేళ్లతో అడిగాడు: “నా మీద కోపం పోయిందా?”

“లేదు.”

ఆయన చేతులు వెనక్కి పోలేదు.

“సరే” అన్నాడు. “తర్వాత ఏమంటున్నాడో చెప్పు.”

ఏమన్నారో ఆమె వినలేదు. కంగారుగా తలెత్తి వేదిక వైపు చూసింది. పాస్టరు గారు చాలా ముందుకి వెళ్లిపోయారు. దీపం కింద కూతురు మాత్రం వెళ్లలేదు. ముందు వరసల తలల మీదుగా ఆఖరి బల్లనే చూస్తూ, తల్లి వినని వాక్యం మొదట్లోనే చేతులు ఆపుకుని ఉంది. తల్లి చూడగానే మళ్లీ మొదలుపెట్టింది, ఒక్కో మాటా విడమరిచి, నెమ్మదిగా.